గిర్ని చప్పుడు

“గీ కంపెనీ మూతపడుతున్నది భూదవ్వా. నెలాఖరుకు సిమ్ము పనిచెయ్యది,” అన్నాడు పర్శరాములు, ఆమె ఫోన్‌ను తిప్పి చూస్తూ.

“మరి నా నంబరు?”

“అదీ పోతది. వదిలేసిన నంబర్లు ఇంకెవలకో ఇస్తరు.”

భూదవ్వ స్టూలు మీంచి లేచింది. మళ్లీ కూర్చుంది. చేటలో చుడుతున్న బీడీలు సగంలో వదిలేసి, ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట ఉన్న పర్శరాములు ఫోన్ల దుకాణానికి పొద్దుటి నుంచి ఆమె రావడం ఇది రెండోసారి.

“కొత్త సిమ్ము తీస్కో. శుక్రవారం నీ కొడుకు సాయన్న ఫోన్ చేసినప్పుడు కొత్త నంబరు చెప్పు. అయిపాయె.”

“వద్దు బిడ్డా. పిలగానికి ఎరికైంది గీ నంబరే.”

“చెప్తే ఎరికైతది గద.” పర్శరాములు నవ్వాడు. “నీ కొడుకును చూస్తే ముచ్చటైతది అవ్వా. ఈ సిమ్ము ఫోన్ల ఏసి నీ చేతికిచ్చిన్నో లేదో, దుబాయి నుంచి ‘అవ్వా’ అన్నడు. గంత ప్రేమ ఎవలకుంటది?”

భూదవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. “నంబరు ఉండాలె. ఏమన్న చెయ్యి.”

“అయితే నంబరు గదే ఉంచి కంపెనీ మార్పిస్త. కామారెడ్డికి కాగితాలు పంపాలె. పెద్ద కంపెనీ, సిగ్నల్ సాఫ్. ఇన్నొద్దులు గరగర తప్ప ఏమన్న ఇనొచ్చిందా? ఇగ పక్కన కూసొని మాట్లాడినట్టే.”

“అంత సాఫ్ ఎందుకు? గరగరనే మంచిగుండె.”

రీచార్జికి వచ్చిన భూమక్క ఫక్కున నవ్వింది. పక్క గదిలోని పిండి గిర్ని ఆమెదే. “లోకమంత సిగ్నల్ కావాలంటది. గీ అవ్వ వద్దంటది.”

ఆ వారమంతా భూదవ్వకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసుకునేది. బీడీ ఆకు కత్తిరిస్తూ చూసుకునేది. శుక్రవారం పొద్దున తెర మీద సిగ్నల్ గీతలన్నీ మాయమయ్యాయి. దుకాణానికి పరుగున వచ్చింది.

కొత్త సిమ్ము వేయగానే గీతలు నిండుగా లేచాయి. పర్శరాములు బయటికి వెళ్లి తానే ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అతని ఊపిరి కూడా వినబడింది. భూదవ్వ ముఖం పాలిపోయింది.

“గీ ఊర్ల సిగ్నల్ అందని జాగ ఏడన్న ఉన్నదా బిడ్డా?”

“ఇదేం అడుగుడు అవ్వా? జనం సిగ్నల్ కోసం మిద్దెలెక్కుతుంటే?”

అంతలో ఫోన్ మోగింది. దుబాయి నంబరు.

భూదవ్వ గబగబా గిర్ని గదిలోకి వెళ్లింది. “నడుపు భూమక్కా, ఆపకు,” అంటూ ఫోన్ మీద కొంగు కప్పింది. బెల్టు ఊగి యంత్రం దడదడలాడింది.

“అవ్వా, ఏందా చప్పుడు?”

“గిర్నికాడ ఉన్న కొడుకా. తిన్నవా?”

“తిన్న. నీ గొంతు ఇయ్యాల గూడ సక్కగ ఇనొస్తలేదు.”

“నాకు నీది ఇనొస్తంది. చాలు. పానం మంచిగుందా?”

“మంచిగనే. నీ చేతి సర్వపిండి యాదికొస్తంది అవ్వా.”

ఆమె కొంగును ఫోన్ మీదికి ఇంకాస్త లాక్కుంది. “వచ్చినంక తిందువు,” అంది.

ఫోన్ పెట్టేశాక భూమక్క గిర్ని ఆపింది.

“ఇంత మంచి సిగ్నల్ పెట్టుకొని గీ దుమ్ముల నిలబడి మాట్లాడుడేంది? పిలగానికి కన్నతల్లి గొంతు ఇననియ్యవా?”

భూదవ్వ వెంట్రుకలకు అంటిన పిండి దులుపుకుంది.

ఈ నంబరు తనకు రాకముందు దాన్ని వాడిన సాయన్న కన్నతల్లి గొంతు ఎలా ఉండేదో ఆమెకు తెలియదు.