మూడుసార్లూ రాయే

మావగారి కుర్చీ ఎవరిదో ఇవాళ తేలిపోవాలి.

బోర్డులు రాసే మావగారి దుకాణంలో పెద్దల్లుడు ఏళ్ళ తరబడి కుంచె పట్టాడు. చిన్నల్లుడు నిన్నగాక మొన్న వచ్చాడు. అయినా జనం ఆగి చూసేది చిన్నవాడి అక్షరాలనే. "చిన్నల్లుడి చేతిలో ఏదో ఉందయ్యా," అని మావగారు మురిసిపోయినప్పుడల్లా పెద్దవాడికి ఒళ్ళు మండిపోయేది. అన్నం కూడా సయించేది కాదు.

ఆ మహానుభావుడు చిన్నల్లుడు నెల రోజులుగా పనిలోకి రాలేదు. నిచ్చెన మీంచి జారాడట. చిన్న దెబ్బేనట. కుర్చీ మాట చెవిన పడగానే మాత్రం ఇవాళ ఊడిపడ్డాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండా, ఎడంచేత్తో టీ తాగుతూ దొరలా నిలబడ్డాడు.

"ఇద్దరూ చెరో బోర్డు రాయండి. బాగా రాసినవాళ్ళదే కుర్చీ," అన్నారు మావగారు.

పెద్దవాడి గుండె జారిపోయింది.

"మాలో మాకు పోటీలెందుకు మావయ్యా?" చిన్నవాడు నవ్వాడు. "రాయి, కాగితం, కత్తెర ఆడుకుంటాం. ముందు మూడుసార్లు గెలిచినవాళ్ళదే కుర్చీ. సరేనా అన్నయ్యా?"

ఎంత పొగరు! అదృష్టం కూడా తన జేబులోనే ఉందనుకుంటున్నాడు. కానీ ఈ ఆట పెద్దవాడికి కొట్టిన పిండి. చేతుల్ని కాదు, మనిషిని చూసి ఆడాలని అతనికి తెలుసు.

ధీమాగా ఉన్నవాడు మొదట రాయే వేస్తాడు. పెద్దవాడు కాగితం వేశాడు. గెలిచాడు.

"మళ్ళీ కాగితమే వేస్తా తమ్ముడూ," అని ముందే చెప్పాడు. శత్రువు మాట ఎవడు నమ్ముతాడు? కత్తెర వస్తుందనుకుని రాయే వేస్తాడు. అలాగే వేశాడు. పెద్దవాడి కాగితమే మళ్ళీ గెలిచింది.

మూడోసారి చిన్నవాడి దవడ బిగుసుకుంది. మొండివాడు మార్చడు. పెద్దవాడు కాగితం పరిచాడు. మళ్ళీ రాయే!

"శభాష్ అన్నయ్యా! నా మనసు చదివేశావు," అన్నాడు చిన్నవాడు.

మావగారు లేచి కుర్చీ ఖాళీ చేశారు. అందులో కూర్చోగానే పెద్దవాడి కడుపుమంట చల్లారింది. కాస్త జాలి కూడా పుట్టుకొచ్చింది. తన మంచి కుంచె తీసి, "మొదటి బోర్డు నువ్వే మొదలుపెట్టు తమ్ముడూ," అని అందించబోయాడు.

అందుకోబోయిన చిన్నవాడి కుడి పిడికిలి, ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు.