కింద మూలకు పేరు

జనగామ నుంచి ఘన్‌పూర్ దాకా దుకాణాల బోర్డులు రాసి నా బతుకు నేను బతుకుతున్నా, ఇంట్లో వాళ్లకు అవి పొద్దుపోక గీసే గీతలే.

బాపు సర్పంచి ఎన్నికలో నిలబడ్డాడు. ఊరి గోడలన్నిటి మీదా తన పేరు రాయమన్నాడు.

"రాస్త బాపూ. కింద మూలకు ‘ఊర్మిళ ఆర్ట్స్’ అని పెట్టుకుంట."

"ఆడపిల్ల పేరు బజార్లనా? మీ అన్న పేరు పెట్టు."

అన్నకు కుంచె ఎటు పట్టుకోవాలో తెలియదు. ఆ మాటంటే బాపు నవ్వాడు.

సాయంత్రం జాల్యా వచ్చాడు. బాపు మీద పోటీకి నిలబడ్డ తండా మనిషి.

"అక్కా, నా గోడలు రాస్తవా?"

"కింద నా పేరుంటది."

"ఉండాలె గదా! లేకుంటే ఎవలు రాసిన్రో ఎట్ల ఎరుక?"

ఒప్పుకున్నాను. రేపే మొదలు. మొదటిది మా ఇంటి ఎదుటి గోడ.