సవతికి ఓడ టికెట్టు

"మా ప్రయాణం ఆపింది మీరే! ఏడాదిగా ఒక పెద్దమనిషిని గుమ్మంలో నిలబెట్టి ఉసురు తీస్తున్నది మీరే!"

ఓడరేవు సరుకుల ఆఫీసులో మూడో కౌంటరు ముందు దర్జీ ఆవిడ గొంతు ఖంగుమంది. వరుసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. పక్కనే ఆవిడ భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి నిరుడు రిటైరైన మనిషి. అరవడం ఆయనకు చేతకాదు. ఆ పని ఎప్పుడూ ఆవిడదే.

"ముప్పై ఏళ్లు పరాయి దేశంలో చెమటోడ్చి, సొంత దేశం పోతామంటే కాళ్లకు అడ్డం పడతారా? మీ అమ్మానాన్నలనయితే ఇలాగే తిప్పుతారా?"

"కూర్చోండమ్మా," అంది కౌంటరు వెనకున్న ఆఫీసరమ్మ. వయసులో చిన్నది. "నేను సోమవారమే ఈ సీటుకొచ్చాను. ఏం పంపాలి?"

"నా సవతిని."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నా పాత కారండీ," అన్నాడు మెకానిక్ సిగ్గుపడుతూ. "యాభై ఎనిమిదేళ్లది. డిపో వెనక తుప్పుపట్టి, అందులో పిల్లులు ఈనుతుంటే తెచ్చుకున్నాను. నిలబెట్టడానికి పదకొండేళ్లు పట్టింది. అది లేకుండా నేను ఇక్కణ్ణించి కదలనని ఒట్టు పెట్టుకున్నాను."

ఆఫీసరమ్మ ఫైలు తెరిచింది. అయిదు దరఖాస్తులు, అయిదింటి మీదా ఎర్ర గీతలు.

ఆ ఆఫీసుకి ఒక పద్ధతుంది. ఫారంలో ఒక్క గడి తప్పినా దిద్దరు, అడగరు. ఎర్ర గీత కొట్టి మొదటికి పంపుతారు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ వరుస, మళ్లీ రెండు నెలలు. జనం కాళ్లు అరిగితేనే అక్కడి కుర్చీలు మెరుస్తాయి.

"ఒకసారి ఛాసిస్ నంబరు రాయాల్సిన చోట ఇంజను నంబరు రాశారు," అంది ఆఫీసరమ్మ. "ఇంకోసారి ఎడమ వైపు ఫొటో లేదు. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసిన సర్టిఫికెట్టు మీద తేదీ లేదు. అన్నీ చిన్నచిన్నవే. ఎవరు నింపారివి?"

"నేనే. ఈయన చేతులకెప్పుడూ గ్రీజే కదా."

"కుట్టులో నూలుపోగు తేడా రానివ్వదండీ," అన్నాడు మెకానిక్ భార్యను వెనకేసుకొస్తూ. "ఫారం చూస్తే మాత్రం కంగారు పడిపోతుంది. తప్పంతా దానిమీద వేయకండి."

ఆవిడ సెల్లు మోగింది. "లైనింగా? రేపు పొద్దున రండి. కొట్టు తెరిచే ఉంటుంది," అని పెట్టేసింది.

"ఇంకా పనులు ఒప్పుకుంటున్నావా? శుక్రవారం బండి ఓడెక్కితే, పై వారం మనం విమానం ఎక్కడమే!"

"ఎక్కనివ్వండి ముందు. వీళ్ల మాట నమ్మి కత్తెర పారేసుకోమంటారా?"

ఆఫీసరమ్మ నవ్వింది. "మరి మీ సామాను ఏం పంపుతున్నారమ్మా?"

"నాదేముంది తల్లీ! ఒక కుట్టుమిషను. దాన్నీ వదిలేయమని, అక్కడ కొత్తది కొనిస్తానన్నారు ఈయన."

"పాతదండీ, ఒట్టి ఇనుము. బరువు," అన్నాడు మెకానిక్.

"కారు దూదా?" అందావిడ.

ముగ్గురూ నవ్వారు. ఆఫీసరమ్మ ఠక్కున లేచింది. "పదండి, యార్డులో నేనే చూస్తాను. ఈసారి ఫారం నా చేత్తో నింపుతాను. శుక్రవారం ఓడ తప్పితే కార్లు మోసే ఓడ మళ్లీ ఆరు నెలలకు గానీ రాదు."

యార్డులో పాలరంగు కారు ఎండకు తళతళలాడుతోంది. ఆఫీసరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, ఛాసిస్ నంబరు అంకె అంకే చదివింది. నాలుగు వైపులా ఫొటోలు తనే తీసింది. మెకానిక్ ఆమె వెంటే తిరుగుతూ జేబురుమాలుతో అద్దం తుడిచాడు.

"ఇంత తాపత్రయం ఎందుకండీ దీని మీద?" అడిగింది ఆఫీసరమ్మ.

ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముప్పై ఏళ్లయింది. అక్కడ నన్నెవరూ గుర్తుపట్టరమ్మా. ఇది వీధిలోకొస్తే ఎవరిదని అడుగుతారు. అప్పుడు చెప్పుకోవచ్చు, నాదని."

వెనక నిలబడ్డ దర్జీ ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది.

ఆఫీసులోకి తిరిగొచ్చి ఆఫీసరమ్మ గడి గడీ నింపింది. రెండుసార్లు సరిచూసింది. మెకానిక్ చేత సంతకం పెట్టించింది.

"అయిపోయినట్టే. మీరు వెళ్లి బ్యాటరీ తీగలు విప్పండి. మా వాళ్లు బండిని లోపలికి తోసేస్తారు."

"నిజంగానా? ఏమేవ్, విన్నావా!" మెకానిక్ అరవై ఏళ్ల కాళ్లతో ఇరవై ఏళ్ల వాడిలా పరుగెత్తాడు.

ఆఫీసరమ్మ ముద్ర చేతిలోకి తీసుకుంది. "మీరు అరవకపోతే నేనూ ఎర్ర గీత కొట్టేసేదాన్నేమో. మీ పోరు ఫలించిందమ్మా."

దర్జీ ఆవిడ తలుపు వైపు చూసింది. భర్త మలుపు తిరిగేదాకా ఆగింది. తర్వాత కౌంటరు మీదికి వంగి, సూదులు గుచ్చుకుని గట్టిపడిన అరచేతిని ఆ కాగితం మీద అడ్డంగా పెట్టింది.

"ఇంకొక్కసారి తిప్పి పంపు తల్లీ."