గోరువంక కూర్చున్న పూట

కొమ్మ మీంచి పడి నడుం విరిగిన అన్నను సింగారి అనే ఉడుత ఒంటిచేత్తో సాకుతోంది. పండు కొరికి పెట్టేది, పక్కకు తిప్పేది, నిద్ర మాత్రం పోయేది కాదు.

"ఈ పూట నేను కూర్చుంటానే, కాస్త అలా తిరిగిరా," అని పక్క తొర్రలోని గోరువంక ఎన్నోసార్లు అడిగింది.

"అన్నకి నా చెయ్యే అలవాటు పిన్నీ," అనేది సింగారి.

ఒకనాడు పండు తెస్తూ తెస్తూనే కునుకు పట్టి కాలు జారింది. చివరి రెమ్మ దొరికి బతికిపోయింది. అన్న తొర్రలోంచి అదంతా చూశాడు.

"నువ్వూ పడితే మనిద్దరికీ దిక్కెవరే? పిన్నిని రానీ," అన్నాడు.

గోరువంకకి అన్నీ రెండేసిసార్లు చెప్పి, సింగారి ఏటి ఒడ్డుకు వెళ్ళింది. ఇసుకలో వాలగానే ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అన్న ఎలా ఉన్నాడోనని పరుగున చెట్టెక్కింది.

తొర్రలో గోరువంక కాకుల తగవును అచ్చంగా అనుకరిస్తోంది. అన్న పగలబడి నవ్వుతున్నాడు. పడ్డాక ఆ నవ్వు వినడం ఇదే మొదలు.

"అప్పుడే వచ్చేశావేంటే?" అన్నాడు అన్న.

సింగారికి చిన్న ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

"పిన్నీ, రేపు కూడా వస్తావా?" అని అడిగింది.