ఏడో నంబరు సీసా

"ఆ కుర్చీలోంచి లే పెద్దాయనా. అది డాక్టరుగారిది."

ముసలాయన గబుక్కున లేచాడు. తన దుమ్ము అంటిందేమోనని చేతిరుమాలుతో కుర్చీ తుడిచాడు కూడా.

టెక్నీషియన్ మాస్కు పైకి లాక్కుంది. ఆయన దగ్గర గోనెసంచుల వాసన గుప్పుమంటోంది.

ఆమె ఆ ఆసుపత్రి ల్యాబులో చేరి మూడు వారాలే. ఎలుకల వల్ల వచ్చే వైరస్ జ్వరానికి రక్తపరీక్ష చేసేది ఆ చుట్టుపక్కల అదొక్కచోటే. పెద్ద డాక్టరమ్మ కూతురి పురుడని సెలవు పెట్టి, తాళాలు ఆమె చేతికిచ్చి వెళ్లింది. తాళాలతో పాటు పెత్తనం కూడా వచ్చేసిందనుకుంది మన టెక్నీషియన్.

"నెలనెలా వస్తాను తల్లీ. డాక్టరమ్మ రక్తం తీసుకుంటుంది."

అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచేశాడు.

ఆమె రిజిస్టరు తిరగేసింది. నిజమే, పోయిన ఏడు ఆ జ్వరం వచ్చి తగ్గిన మనిషి. ఆ తర్వాత పదకొండు నెలలు, పదకొండు వరుసలు. అన్నింట్లోనూ ఒకటే మాట: రక్తం తీశాం, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాం.

ఆమెకు ఒళ్లు మండింది.

"నీ జ్వరం ఎప్పుడో తగ్గింది. దాంతో పోరాడిన యాంటీబాడీలు రక్తంలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వందసార్లు చూసినా అదే తేలుతుంది. బిస్కెట్లు రుచి మరిగావా ఏంటి?"

పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది.

"నాకోసం కాదు తల్లీ, మీకే..."

"మాకేం అక్కర్లేదు. నడు."

ఆయన మడిచిన చొక్కా చెయ్యి దించి, గుండీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ బిస్కెట్ల తాతను మళ్లీ లోపలికి రానివ్వొద్దని ఆమె వాచ్‌మన్‌తో గట్టిగా చెప్పింది.

అది సోమవారం.

బుధవారం ఆమె తమ్ముణ్ణి అదే ఆసుపత్రిలో చేర్చారు. ధాన్యం గోదాములో గుమస్తా. నాలుగు రోజులుగా జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి, మూత్రం సరిగ్గా రావడం లేదు.

వార్డు డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"ఎలుకల వైరస్సో కాదో మధ్యాహ్నంలోపు తేల్చండి. అదే అయితే సెలైన్ ఆచితూచి ఎక్కించాలి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కాకపోతే ధారాళంగా ఎక్కించాలి. తెలియకుండా చెయ్యి పెట్టలేను."

తమ్ముడి రక్తం తనే తీసింది.

"అక్కా, నాకేం కాదుగా?"

"నేను లేనూ? పడుకో."

ల్యాబుకొచ్చి ఫ్రిజ్ తెరిచింది. డాక్టరమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్లేటులో రోగి సీరం, అంటే రక్తంలోంచి తీసిన తేట, వేసిన గుంట పక్కనే, ఇంకో గుంటలో ఏడో నంబరు సీసాలోది ఒక చుక్క వెయ్యాలి. యాంటీబాడీలు ఉన్న గుంట పసుపు తిరుగుతుంది. ఏడో నంబరు చుక్క పసుపు తిరిగితేనే పరీక్ష మందులు పనిచేస్తున్నట్టు. అది తిరక్కపోతే పక్క గుంటలో ఏం కనిపించినా నమ్మడానికి లేదు.

సీసా వంచింది. చుక్క రాలేదు. నిన్న వేసిందే ఆఖరు చుక్క అని అప్పుడు గుర్తొచ్చింది.

ఆగలేక, తమ్ముడి సీరం ఒక్కటే వేసి చూసింది. గుంట రంగు తిరగలేదు.

నిజంగా జబ్బు లేకనా? రాత్రి కరెంటు పోయి మందులు పాడైపోయాయా? చెప్పే దిక్కు లేదు.

అప్పుడే వాచ్‌మన్ తలుపు దగ్గరికొచ్చాడు.

"ఆ తాత ఇందాక మళ్లీ వచ్చాడు మేడం. మీరు చెప్పినట్టే బస్సెక్కించేశా. ఇక రాడు."

"బిస్కెట్ల కోసం ఇంత పట్టుదలా?"

"బిస్కెట్లా? ఎప్పుడిచ్చినా నా చేతిలో పెట్టి పోతాడు మేడం. ఆయనకు షుగరు."

ఆమెకు ఏదోలా అనిపించింది. ఆలోచించే తీరిక లేక డాక్టరమ్మకు ఫోన్ కలిపింది.

"మేడం, ఏడో నంబరు అయిపోయింది. కంపెనీవాళ్లకు కబురు చెయ్యాలా? మా తమ్ముడి పరీక్ష ఆగిపోయింది."

"కంపెనీ ఏంటమ్మా? దాన్ని నింపే మనిషి సోమవారం రాలేదా?"

ఆమె ఫోను చెవికి ఆనించుకునే తల తిప్పింది. ఎదురుగా ఆ కుర్చీ ఉంది, తుడిచిన చోట శుభ్రంగా.

"వచ్చే ఉంటాడులే, ఒక్క నెలా తప్పడు," అంటోంది డాక్టరమ్మ. "పోయిన ఏడు ఒకే గోదాములో ఏడుగురికి ఆ జ్వరం వస్తే ఆరుగురు పోయారు, అందులో ఇద్దరు ఆయన కొడుకులే. ఏడోవాడు ఆయన. ఇంకెవరింట్లోనూ అలా జరగకూడదని రెండు బస్సులు మారి వచ్చి చెయ్యి చాపుతాడు, అందుకే నేను ఆయన్ని నా కుర్చీలోనే కూర్చోబెడతాను. నువ్వూ కూర్చోబెట్టావు కదూ?"