టెక్కలి దాకా

"సెప్పులు బయటిప్పి ఎక్కండి!" స్టీరింగు ముందు కూర్చున్న రామూర్తి వెనక్కి తిరగకుండానే అరిచాడు. "మట్టికాళ్ళతో వత్తే దించీత్తాను. అప్పా, నీకే సెప్తన్నాను."

పక్కింటి అప్పలమ్మ గొణుక్కుంటూ చెప్పులు విప్పింది. ఈలోగా రామూర్తి బావమరిది చిన్నారావు బయటినుంచే కిటికీలోంచి తువ్వాలు విసిరి ముందు సీటు పట్టేసుకున్నాడు. అప్పలమ్మకి ఒళ్ళు మండింది.

"పెద్దదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని. ఆ సీటు నాకియ్యలేవేటి?"

"తువ్వాలేసినోడిదే సీటు. పలాస పుట్టినకాణ్ణించి ఇదే రూలు."

"కొట్టుకోకండి. ముందుకి జరగండి, ముందుకి జరగండి!" అన్నాడు రామూర్తి.

ఉన్నదే ముగ్గురు. మూడోది అతని భార్య కమలకుమారి. ఎక్కడికి జరగాలో ఎవరికీ తెలియలేదు. పాపం, అలవాటు అలాంటిది. సర్వీసంతా పలాస, టెక్కలి మధ్య టిక్కెట్లు కోసిన కండక్టరతను. డ్రైవరు సీట్లో ఒక్కసారి కూర్చుంటానని అడిగితే తోటివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. రిటైరైన రోజున మెడలో దండ వేస్తుంటే ఆ నవ్వే గుర్తొచ్చి ఏడ్చాడు. దండ వేసినవాళ్ళు అవి ఆనందబాష్పాలనుకున్నారు.

ఇప్పుడు అల్లుడి పుణ్యమా అని స్టీరింగు చేతికొచ్చింది. వచ్చింది గానీ, బండి ఇంతవరకూ టెక్కలి మొహం చూడలేదు. మొన్న పూండి దగ్గర కొబ్బరితోటలోకి దూరింది. నిన్న నౌపడ ఉప్పుమడుల్లో దిగబడింది.

"నీ బండెక్కితే కుక్కతోక పట్టుకుని గోదారీదినట్టే బావా," అన్నాడు చిన్నారావు.

"నిన్న ఒక్కలికైనా గోరంత దెబ్బ తగిలిందేటి? అన్నాల ఏళకి అందరూ ఇంటికాడే ఉన్నారు కదా!"

"అదీ నిజిమే. మరి పొద్దున్న మా అక్క తల మీద సెయ్యేసి ఏటని ఒట్టేసినావు?"

"ఇయాల టెక్కలి బస్టాండులో బండి పెట్టాల. పెట్టలేకపోతే ఇంక జన్మలో స్టీరింగు ముట్టను." రామూర్తి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. "రైట్, రైట్!" అని తనకు తానే చెప్పుకుని బండి కదిలించాడు.

కాశీబుగ్గ ఆటోల మధ్యనుంచి బయటపడేసరికే అతని చొక్కా తడిసిపోయింది. పూండి దారంతా గోతులు. ఒక పెద్ద గోతిలో చక్రం దభీమని దిగింది. అప్పలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, మెల్లగా తెరిచింది.

"ఓలమ్మ! అంత గొయ్యిలో దిగినా నడుం కదల్లేదు. మీ అల్లుడు బంగారం నాయినా, ఏరి కోరి తెచ్చినాడు."

కమలకుమారి వేడివేడి టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. చిన్నారావు ఊదుకుంటూ తాగాడు.

"బండిలో టీ ఇచ్చీవోళ్ళని నాను ఏ దేశంలోనూ సూళ్ళేదు," అన్నాడు. అతను చూసిన దేశం బరంపురం దాకానే.

టీ కడుపులో పడగానే అప్పలమ్మకి కూతురు గుర్తొచ్చింది.

"నౌపడలో ఓ నిమిషం ఆపు బాబూ. మా పావని ఇల్లు రోడ్డు పక్కనే కదా. ఓపాలి సూసీసొత్తాను."

"ఇది ఎక్స్‌ప్రెస్సప్పా. ఆగదు."

"కన్నకూతురు నాయినా. నీకు పున్నెముంటాది."

నౌపడ వచ్చింది. పావని ఇల్లుండాల్సిన చోట ఉత్త ఉప్పుమడి ఉంది. అప్పలమ్మ లబోదిబోమంది.

"ఇల్లేదిరా? నిన్న కూడా లేదు!"

"సాయంత్రం ఫోన్ సేసి అడుగుదువు గానీ, కూకో," అన్నాడు చిన్నారావు.

రామూర్తికి ఇవేమీ వినబడడం లేదు. టెక్కలి పొలిమేరలో నడిరోడ్డు మీద ఒక ఆవు నిలబడి ఉంది. హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆవు ఇటువైపు తల కూడా తిప్పలేదు.

"గుద్దీ బావా, ఏటవుతాది?" అన్నాడు చిన్నారావు.

"గోమాతరా! నోటికొచ్చిందల్లా వాగకు," అని కమలకుమారి తమ్ముడి నెత్తిన మొట్టింది.

రామూర్తి ఊపిరి బిగబట్టి, స్టీరింగు తిప్పి బండిని పక్కకి కోశాడు. ఒక చక్రం రోడ్డు దిగింది. ఇంకాస్త దిగితే కాలవ. ముగ్గురూ ఒక్కసారిగా రెండో పక్కకి ఒరిగారు, బరువు ఆగుతుందని. బండి అంగుళం అంగుళంగా ఆవుని దాటింది. కమలకుమారి నిన్నటిదాకా ఈ బండిని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు మొగుడి వీపు చూస్తుంటే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పెళ్ళయ్యాక అతన్ని చూసి ఇంత గర్వపడడం ఇదే మొదలు.

"ఏటండీ, బాగా నడుపుతన్నారండీ," అంది.

ఆ ముక్క కోసం అతను ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో అతనికే తెలియదు. రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా తల మాత్రం ఊపాడు.

టెక్కలి బస్టాండు కనబడింది. అప్పలమ్మ సంచీ సర్దుకుని లేచి నిలబడింది. చిన్నారావుకి పొద్దున్నించి చేసిన వెటకారమంతా ఎటు పోయిందో, సీటు వదిలేసి బావ పక్కకి పరిగెత్తాడు. ప్లాట్‌ఫారం దగ్గర రెండు బస్సుల నడుమ ఒక్క బండికే చోటుంది.

"రానీ బావా... రానీ... ఎడంకి కొయ్యి... తగల్దు, తగల్దు, నాను సూత్తన్నాను కదా!"

రామూర్తి చేతులు చెమటకి జారుతున్నాయి. అవతలి బస్సుకి వెంట్రుకవాసిలో పక్క అద్దం తప్పింది. ప్లాట్‌ఫారం గట్టు దగ్గరికొచ్చింది.

"అయిపోనాది బావా, ఇంక జానెడే! గెలిసీసినావు! రానీ..."

రామూర్తి నవ్వుతూ, ఏడుస్తూ బ్రేకు మీదకి కాలు తెచ్చాడు.

కరెంటు పోయి టీవీలో గేమ్ ఆరిపోయింది.