తనూ నవ్వింది

“నా పే... పే...” అంటూ కంటి ఆసుపత్రి చీటీల కౌంటరు ముందు పెద్దాయన ఆగిపోయాడు.

“టేపు ఇరుక్కుంది,” అని గుమాస్తా గొణిగాడు. పక్క కుర్చీలో చీటీలు రాసే అమ్మాయి కిసుక్కున నవ్వింది.

నవ్విన మరుక్షణం ఆమెకు తల కొట్టేసినట్టయింది. నత్తి తనకూ ఉంది. బళ్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే తప్ప పలికేది కాదు. కష్టమైన మాట వస్తే ఇంకో మాటతో దాటేసేది. ఇక్కడ చేరి రెండేళ్లయినా ఎవరికీ తెలియనివ్వలేదు.

పెద్దాయన ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. “కా... కాగితం ఇవ్వమ్మా, రాసిస్తాను.”

ఆమె కాగితం తీసింది గానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

“వ... వద్దు బాబాయిగారూ. చె... చెప్పండి. నే... నేను ఆగుతాను.”

గుమాస్తా తలెత్తాడు. “ఏంటమ్మా, ఆయన్ని వెక్కిరిస్తున్నావా?”

వరసలో ఉన్నవాళ్లందరూ ఆమెనే చూశారు. ముఖం కందగడ్డయింది. ఈసారి దాటేసే మాట కోసం ఆమె వెతకలేదు.

“లే... లేదన్నా. నా... నాకూ నత్తే. వె... వెక్కిరించింది ఇప్పుడు కాదు, ఇం... ఇందాక నవ్వినప్పుడు.”

గుమాస్తా తల దించుకున్నాడు. ఆమె పెద్దాయన వైపు తిరిగింది గానీ కళ్లెత్తలేకపోయింది.

“పో... పోనీలే తల్లీ,” అన్నాడాయన. “నీ వయసులో నే... నేనూ అలాగే నవ్వేవాణ్ణి, దొ... దొరక్కుండా ఉండాలని.”

ఆయన పేరు మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె కలం పట్టుకుని, ఒక్క అక్షరం కూడా అందించకుండా, పూర్తయ్యేదాకా ఆగింది.